కుంకం గోడకి, పసుపు మిషనుకి

“గోడకేటి?” అన్నాడు.

“కుంకం,” అన్నాను.

“మరి మిసనుకి?”

“పసుపు.”

“సరే. ఎళ్ళు.”

ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. పెద్దాసుపత్రి, మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది. నోరు వంకరపోయింది. కన్న కొడుకుని కూడా పోల్చుకోవడం లేదని పక్క మంచం వాళ్ళు చెప్పారు. నన్ను పోల్చుకున్నాడో లేదో నాకూ తెలియదు. నన్ను చూసి ఆ రెండు ప్రశ్నలూ అడిగాడు, నేను జవాబు చెప్పాను, ఎళ్ళు అన్నాడు. తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి వచ్చేశాను. మూడో రోజు పోయాడని తెలిసింది.

ఆయన పేరు రాయాలి కదా అత్తా అంటోంది మా అన్నయ్య కూతురు. ఇది రాస్తున్నది ఆ పిల్లే. నేను చెబుతున్నాను, తను నా మాటల్ని చక్కబరిచి పెడుతోంది. మనుషులు మాట్లాడినవి మాత్రం ముట్టుకోవద్దన్నాను. పేరు నాకు తెలియదు. కొట్టు మీద బోర్డుంది, బోర్డు మీద పేరుంది. నాకు చదవడం రాదు. సంతకం ఒక్కటే వచ్చు. పన్నెండేళ్ళు ఆ బోర్డు కింద నిలబడ్డాను గానీ ఏమని రాసుందో ఎవరినీ అడగలేదు. అందరూ మేస్త్రి అనేవాళ్ళు. నేనూ మేస్త్రనే అన్నాను.

పాత పోస్టాఫీసు దగ్గర నుంచి పోర్టు వైపు దిగే సందులో, ఒక మేడ మెట్ల కింద ఆయన కొట్టు. నిలబడితే తల తగులుతుంది. పొద్దస్తమానం వార్నీషు వాసన. చేసే పని, పై దేశాల నుంచి వచ్చిన సామాన్లకి కరెంటు దించే పెట్టెలు చుట్టడం. మా పేటలో సగం మంది మగవాళ్ళు ఓడల మీదికి పోయేవాళ్ళు. వచ్చేటప్పుడు టేపురికార్డర్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు తెచ్చేవాళ్ళు. తెచ్చి రెండు నెలలుండి మళ్ళీ ఓడెక్కేవాళ్ళు. వాటిని వాడవలసింది ఇంట్లో ఆడది. ఆ ఆడదానికి సామాను మీదున్న ఇంగ్లీషు అక్షరం రాదు, అంకె రాదు. కొత్తది కదా అని తీసుకెళ్ళి గోడకి పెట్టేది. పిన్ను గోడ కన్నాల్లో పట్టదు, ఆ దేశాల పిన్నులు బద్దల్లాగుంటాయి. పట్టకపోతే మానేస్తామా? పిన్ను కోసేసి, తీగలు ఒలిచి, కన్నాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు దోపేవాళ్ళం. అంతే. బుస్సుమని పొగ. తెచ్చినవాడు సముద్రం మీద, సామాను బుగ్గి.

మేస్త్రి దగ్గరికి అలా కాలిపోయిన సరుకే ఎక్కువ వచ్చేది. ముందు మూత తీసి వాసన చూసేవాడు. “అగ్గిపుల్లలా?” అనేవాడు. ఔనంటే తిట్టేవాడు కాదు. “పోర్టులో మంటలార్పే గొట్టం సూసేవా? అది తెచ్చి నీ సెంబులో ఎట్టి తిప్పితే సెంబు ఉంటాదేటి? మన గోడలో ఉన్నది రెండొందల ముప్పై. జపానోడి గోడలో ఉన్నది వంద. అమెరికావోడిది నూటపది. ఆడు ఆడి గొట్టానికి సరిపడా సెంబు సేసుకున్నాడు. నువ్వు మన గొట్టం తెచ్చి అందులో ఎట్టేవు,” అనేవాడు. నా ఎదురుగానే యాభైసార్లు చెప్పుంటాడు, మాట మారకుండా.

రాగి తీగ చుట్టేటప్పుడు పైకి లెక్కపెట్టేవాడు. నూరు చుట్లయ్యాక ఒక చింతపిక్క డబ్బాలో పడేసేవాడు. నూరు అయ్యేదాకా ఎవరొచ్చినా మాట లేదు, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తి ఉంచేవాడు. ఒకసారి పోర్టులో ఏదో ఆఫీసరు వచ్చి మనిషిని పట్టించుకోవా అని కేకలేశాడు. వేలు దించలేదు. పిక్క డబ్బాలో పడ్డాక, “బావూ, లెక్క తప్పితే మీ ఇంట్లో కాలతాది, నా ఇంట్లో కాదు. ఇప్పుడు సెప్పండి,” అన్నాడు.

గోడ మీద ఒక అమెరికా గడియారం ఉండేది. కరెంటుది. ఎవరో బాగుచెయ్యమని ఇచ్చి వదిలేసి పోయారు. పెట్టె పెట్టి నడిపించాడు గానీ గంటకి పది నిమిషాలు వెనకబడేది. దానికి జబ్బేమీ లేదట. “ఓల్టేజీ అయితే నాను దించగల్ను. ఆల దేశంలో కరెంటు సెకనుకి అరవై తేపలు ఊగుతాది, మనది యాభై. ఆ ఊగుడు నా సేతిలో నేదు,” అనేవాడు. అక్కడి పాటల ప్లేట్ల మిషన్లు కూడా కొన్ని ఇక్కడ సాగదీసి పాడతాయి, ఏమీ చెయ్యలేనని ముందే చెప్పేసేవాడు. తనకి రాదనీ, తన వల్ల కాదనీ అంత సులువుగా చెప్పే పనివాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు. ఆ గడియారం మాత్రం తీసెయ్యలేదు. నాలుగింటికి రమ్మంటే, మా గడియారంలో నాలుగా, నీ గడియారంలో నాలుగా అని మేం నవ్వేవాళ్ళం.

నేను మేస్త్రి దగ్గరికి వెళ్ళింది మా ఇంటాయన పోయిన నాలుగో నెలలో. స్టీలు ప్లాంటు కడతారట అని జనం చెప్పుకుంటున్న రోజులు. మా ఇంటాయన ఓడ మీద వంటవాడు. గుండె ఆగి ఓడ మీదే పోయాడు. అంతకుముందు ఏడాది జపాను నుంచి కుట్టుమిషను తెచ్చాడు. చేతి చక్రం లేదు, కాలి చక్రం లేదు, కరెంటు మీద తిరగాలి. “ముట్టుకోకు, నానొచ్చేక దీనికి బాక్సు కొందాం,” అని చెప్పి వెళ్ళాడు. నేను దాని మీద పాత చీర కప్పి మంచం కిందకి తోసేశాను. ఆయన రాలేదు. ఇంట్లో నేనూ, మా అత్తా మిగిలాం. అత్త కూడా నాలాగే మొగుడు పోయిన మనిషి. భీమిలి అవతల ఊళ్ళో మా మరిది ఉన్నాడు. “మిసను అమ్మీసి ఆడి పంచన పడదాం, సిన్న కొంపలో మూల దొరకదేటి,” అని రోజూ అదే మాట. నాకు ఆ మూలకి వెళ్ళాలని లేదు. మరిది పెళ్ళాం చేతి కింద బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. దసరా దాకా చూడు, కుట్టి బతకలేకపోతే నువ్వన్నట్టే పోదాం అన్నాను. సరే అంది.

మేస్త్రి మిషను చూశాడు. అప్పుడే ఒక సంగతి చెప్పాడు. “బజార్లో ఒకే చుట్టు పెట్టెలమ్ముతారు, తేలిగ్గా ఉంటాయి. ఆటిలో గోడ కరెంటుకీ నీ మిసనుకీ మధ్య అడ్డు ఉండదు. ఓల్టేజీ దిగుతాది గానీ తంతాది. నీది ఇనపది, నువ్వు వట్టి కాళ్ళతో కూకుంటావు. నాను రెండు చుట్లు వేరేగా యేత్తాను. బరువుగా ఉంటాది, మొయ్యి.” ఇంకా, కాళ్ళ కింద చెక్క వేసుకోమన్నాడు. పని అవగానే పిన్ను లాగెయ్యమన్నాడు. కొత్త సామాను ఏదైనా ముందు చేయి తిప్పి, వేళ్ళ వెనక వైపుతో తాకి చూడమన్నాడు. “అరసేత్తో ముడితే పట్టీసుకుంటాది, ఒగ్గదు.”

ఆయన పెట్టెలకి ఇటు రెండు ఇత్తడి మరలు, అటు రెండు ఇత్తడి మరలు ఉండేవి. ఒక వైపు గోడ నుంచి వచ్చే తీగలు బిగించాలి, రెండో వైపు సామాను తీగలు. అంకెలు రాసి లాభం లేదు కదా, మా ఆడవాళ్ళకి. అందుకని గోడ వైపు ఎర్ర రంగు, సామాను వైపు పసుపు రంగు పూసేవాడు. కుంకం గోడకి, పసుపు సామానుకి. కొన్నవాళ్ళ చేత ఆ మాట మూడుసార్లు అనిపించి గానీ పెట్టె ఇచ్చేవాడు కాదు. మా పేటలో ఆడవాళ్ళందరికీ అది నోటికొచ్చు. బిందెల దగ్గర కూడా నవ్వుకుంటూ అనుకునేవాళ్ళు.

నా పెట్టె ఇచ్చినరోజు చూస్తే ఒక వైపు నీలం, ఒక వైపు తెలుపు.

“నీలం గోడకి, తెలుపు మిసనుకి. అను సెల్లమ్మా,” అన్నాడు, తల ఎత్తకుండా. మూడుసార్లు అన్నాను. రంగు అయిపోయి ఉంటుంది అనుకున్నాను. ఇంటికొచ్చి బిగించాను. మిషను గాలిలా నడిచింది. కురుపాం మార్కెట్టు దగ్గర ఒక బట్టల కొట్టువాళ్ళు దసరాకి నలభై లంగాలు కుట్టివ్వమని గుడ్డ ఇచ్చారు. బాగా కుట్టి ఇస్తే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. అత్త ఊరి మాట ఎత్తడం తగ్గించింది.

పద్దెనిమిది లంగాలయ్యాక ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు గోడలకి సున్నం వేయించారు. సామాను పక్క గదిలోకి మార్చాలి. తీగలు విప్పి, పెట్టె మోసుకొచ్చి మళ్ళీ పెట్టాను. నీలమా, తెలుపా? ఎంత తలచుకున్నా గుర్తుకి రాలేదు. ఎదురుగా చూస్తే గోడ తెల్లగా మెరిసిపోతోంది. తెలుపు గోడకే అయ్యుంటుంది అనుకున్నాను.

కాలి కింద మీట నొక్కగానే మిషను అరిచింది. సూది కంటికి కనపడలేదు. అడుగు నుంచి పొగ, కమురు వాసన. పెట్టె ఒక్కసారి బొంయ్యిమంది, ఇల్లంతటికీ కరెంటు పోయింది. అత్త వాకిట్లో నుంచి పరుగున వచ్చి చూసింది. లోపలికి వెళ్ళి తన చీరలు మూట కట్టుకోవడం మొదలుపెట్టింది.

నేను మిషన్నీ పెట్టెనీ రిక్షాలో వేసుకుని మేస్త్రి దగ్గరికి పోయాను. వేలెత్తి ఉన్నాడు, లెక్కలో ఉన్నాడు. ఆగలేదు నేను.

“నీ పెట్టి నా కొంప కాల్సీసింది మేస్త్రీ!”

లెక్క మధ్యలో ఆపాడు. అంతకుముందూ ఆ తరవాతా ఆయన లెక్క మధ్యలో ఆపడం నేను చూడలేదు.

“నీకేటీ అవ్వనేదు గదా?”

“నాకేటవుద్ది. మిసను సూడు.”

మూత తీసి వాసన చూశాడు. “గోడకి ఏదెట్టేవు?”

“తెలుపు.”

“నీలం కదా సెప్పేను. తిరగేసి ఎడితే దించాల్సిన పెట్టి ఓల్టేజీ పెంచీసుద్ది.”

“సెప్పేవు. నాకు గుర్తు నేదు. గోడ తెల్లగుంది, తెలుపెట్టేను. అందరికీ ఎరుపూ పసుపూ పూసి నాకెందుకు మార్సేవు? ఆ మాట నాకు నిద్దట్లో నేపి అడిగినా వచ్చు!”

కొట్టు దగ్గర ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. మేస్త్రి వాళ్ళ వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేతిలో మూత అటూ ఇటూ తిప్పాడు.

“నీ సేత మూడు తేపలు కుంకం, పసుపు అనిపించాలి గదా సెల్లమ్మా. నాలుగు నెల్లేనా అవ్వనేదు. నాకు నోరు రానేదు,” అన్నాడు.

ఒళ్ళు మండింది నాకు. నా మేలు కోరే చేశాడని తెలుసు. అందుకే ఎక్కువ మండింది.

“నా బొట్టు పోయింది గానీ బుర్ర పోనేదు. కరెంటుకేటి తెలుసు, ఇది మొగుడున్నదో నేనిదో? నువ్వు నామీద జాలిపడ్డావు, నా నోటికాడ కూడు బుగ్గయిపోయింది. ఇరవై రెండు లంగాలుండిపోయేయి. ఇయ్యకపోతే మా అత్త నన్ను ఊరు లాక్కుపోద్ది!”

మేస్త్రి తప్పయిపోయింది అనలేదు. అటువంటి మాటలు ఆయనకి రావు. చుడుతున్న పెట్టె పక్కన పెట్టేశాడు. అది ఎవరిదో వాళ్ళు పక్కనే నిలబడి ఉన్నారు. “రేపు రండమ్మా,” అన్నాడు వాళ్ళతో. నా మిషను మోటారు విప్పడం మొదలుపెట్టాడు. మసైపోయిన తీగంతా లాగేసి, వెంట్రుకంత సన్న తీగతో మళ్ళీ చుట్టాలి. నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులూ నేను అక్కడే గుమ్మంలో కూర్చుని మిగిలిన లంగాలకి చేత్తో అంచులు మడత కుట్టాను. ఆయన లెక్కపెట్టేవాడు. చింతపిక్క డబ్బాలో పడేది. అమెరికా గడియారం దాని ఇష్టమొచ్చినట్టు తిరిగేది.

నాలుగో రోజు పెట్టె కూడా కొత్తది చేసి నా ముందు పెట్టాడు. ఒక వైపు ఎరుపు, ఒక వైపు పసుపు. రంగు ఇంకా చేతికి అంటుతోంది.

“గోడకేటి?” అన్నాడు. ఈసారి తల ఎత్తి, నా మొహంలోకి చూసి అడిగాడు.

కొట్టు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. మా ఇంటాయన పోయాక ఆ మాట నా నోటి నుంచి రాలేదు. బజార్లో కొనవలసిన పని కూడా లేకపోయింది.

“కుంకం,” అన్నాను.

“మరి మిసనుకి?”

“పసుపు.”

“మళ్ళీ.”

మూడుసార్లూ అన్నాను. ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. మేస్త్రి “సరే. ఎళ్ళు,” అన్నాడు. పండగ రెండు రోజులుందనగా లంగాలు నలభయ్యీ ఇచ్చేశాను. మా అత్త మూట విప్పింది. లోపలి చీరలు మళ్ళీ దండెం మీదికి వచ్చాయి.

ఆ తరవాత మేస్త్రి పెట్టెలకి మరలు మానేశాడు. గోడ వైపు తీగ తనే లోపల బిగించి, చివర మన గుండ్రటి పిన్ను పెట్టేవాడు. రెండో వైపు బద్దల పిన్ను మాత్రమే పట్టే కన్నాలు పెట్టేవాడు. పాత ఓడల సామాన్లలోంచి ఏరి తెచ్చేవాడు వాటిని. ఇక తిరగేసి పెడదామన్నా వీలు కాదు. నా పెట్టె కూడా పట్టుకురమ్మని కబురుపెట్టి మార్చి ఇచ్చాడు. అది నా వల్లనే అని ఎవరితోనూ అనలేదు. నాతో కూడా అనలేదు. నేనే అడిగాను, “ఇంక తిరగబడదు గదా, మళ్ళీ కుంకం పసుపు అని ఎందుకు వల్లెయిస్తావు జనం సేత?” అని.

“ఈలు లేనిదాన్ని ఈలు సేసుకుంటారు మనోళ్ళు. అగ్గిపుల్లలున్నంత కాలం అడగాల్సిందే,” అన్నాడు.

అన్నట్టే, సౌదీ నుంచి వచ్చిన ఒకాయన టేపురికార్డరుకి చేసిన పెట్టెకి ఇస్త్రీపెట్టె తగిలించి కాల్చుకొచ్చాడు. మేస్త్రి తల పట్టుకున్నాడు. “బావూ, ఇది పాటకి సేసిన పెట్టి. ఇస్త్రీకి దీనికి పదింతలు గావాలి. ఓల్టేజీ ఒక్కటే సూత్తే సాలదు, అది ఎంత తింటాదో సూడాల,” అన్నాడు. ఇంకొకళ్ళ రేడియోకి వెనక చిన్న మీట ఉంటే, దాన్ని రెండొందల ఇరవై వైపుకి జరిపి, పిల్లలు కదపకుండా పైన లక్క కరిగించి పోసేశాడు. “దీనికి పెట్టి అక్కర్నేదు, ఎళ్ళు,” అని ఊరికే పంపించేశాడు. అక్కర్లేని పెట్టె ఎవరికీ అమ్మలేదు. స్టీలు ప్లాంటు పనికి వచ్చిన రష్యా దొర ఒకడు వస్తే, వాడి సామాను తిరగేసి చూసి, వాళ్ళ కరెంటూ మనలాంటిదే గనక నేరుగా పెట్టుకోమని గోడ వైపు చూపించి, చేత్తో వెళ్ళమన్నాడు. ఇద్దరికీ భాష రాదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

మా అత్త ఆ పెట్టెని మొదట్లో గుడ్డ కప్పి ఉంచేది. ఇద్దరు ముండమోపుల ఇంట్లో అది ఎదురుగా అలా ఉంటే చూసినవాళ్ళు ఏమంటారో అని. నేను గుడ్డ తీసేదాన్ని, వేడెక్కుతుంది కప్పకూడదని మేస్త్రి చెప్పాడని. ఏళ్ళు గడిచి రంగు రాలిపోయింది. ఒకరోజు నేను నీళ్ళకి వెళ్ళి వచ్చేసరికి అత్త పెట్టె ముందు కూర్చుని ఉంది. పిన్ను లాగేసే ఉంది, అది చూసుకుని మరీ కూర్చుంది. దేవుడి దగ్గరి కుంకం నూనెలో కలిపి ఉంగరం వేలితో ఒక వైపు అద్దింది. పసుపు ఇంకో వైపు అద్దింది. నన్ను చూసి, “ఏటే అలా సూత్తావు, గోడకేటి?” అంది. నేను చెప్పాను. అత్త ఉన్నన్నాళ్ళూ ఏటేటా ఆ రెండూ అద్దింది. ఇప్పుడు నేను అద్దుతున్నాను.

ఆ మిషను మీదే ఇన్నాళ్ళూ బతికాను. ఊరికి పోలేదు. ఇదిగో, ఇది రాస్తున్న పిల్లకి కాలేజీకి వేసుకెళ్ళే లంగాలూ జాకెట్లూ దాని మీద కుట్టినవే.

మొన్న కొట్టు వైపు వెళ్ళాను. తాళం వేసుంది. బోర్డు తీసేశారు. ఇప్పుడు చదవగలిగినవాళ్ళని తీసుకెళ్ళినా పేరు తెలియదు. ఆసుపత్రిలో ఇంకొక మాట చెప్పి ఉండవలసింది అని అప్పుడు అనుకున్నాను. ఆ రోజు కొట్టు ముందు అరిచిన అరుపు గురించి. ఏం చెప్పేదాన్నో తెలియదు. ఆయన అడిగినదానికి తడుముకోకుండా చెప్పాను, అదొకటి నయం.

అయిపోయింది అమ్మడూ. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. గోడకేది, మిషనుకేది అన్నచోట మెల్లగా చదువు. నువ్వు అటుదిటు రాసినా నా కళ్ళకి తెలియదు, చెవికే తెలుస్తుంది. మూడుసార్లు చదువు.